3.3 మీటర్ల రబ్బరు బోటుకు కన్సోల్: స్టీరింగ్ వద్దు, ఊడొచ్చే పెట్టె చాలు

నమస్తే తమ్ముడూ. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి మీ ప్రశ్న ముందు ఒకసారి చెప్పుకుందాం. మీది 3.3 మీటర్ల పీవీసీ రబ్బరు బోటు. కింద అల్యూమినియం పలకల ఫ్లోరు, వెనక 15 హార్స్‌పవర్ మోటారు. తాడు లాగి స్టార్ట్ చేసి, హ్యాండిల్ పట్టుకుని తిప్పే రకం. భీమిలి దగ్గర గోస్తనీ మొగలోనూ, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు ఒడ్డు కనిపించేంత దూరంలోనూ గేలం వేస్తుంటారు. దానికి ఇంట్లోనే కన్సోల్ (స్విచ్‌లు, పరికరాలు బిగించే పెట్టె) చేసుకుని ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపల్ని తెర మీద చూపే పరికరం), లైట్లు, నీళ్ళు తోడే పంపు, ఫోన్ చార్జర్, వీలైతే స్టీరింగ్ కూడా పెట్టాలని మీ ఆలోచన. ప్లైవుడ్ ఏది కొనాలి, వైరు ఏది, బైకు బ్యాటరీ సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. స్టీరింగ్ ఆలోచన వదిలేయండి. కన్సోల్‌ని బోటులో భాగంగా కాకుండా, రెండు నిమిషాల్లో ఊడదీసి చేత్తో ఇంటికి పట్టుకెళ్ళే పెట్టెలా చేయండి. మెయిన్ ఫ్యూజు కన్సోల్‌లో కాదు, బ్యాటరీ పక్కన ఉండాలి. 6 ఎం.ఎం. మెరైన్ ప్లై (నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్), ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్), తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి. బైకు బ్యాటరీ వద్దు. ఇది చాలనుకుంటే ఇక్కడితో ఆపేయవచ్చు. కారణాలు కావాలంటే కింద చదవండి, కాస్త పొడుగే.

నేను కాకినాడలో ఉప్పుటేరు గట్టున 19 ఏళ్ళుగా బోటు మోటార్లు, వైరింగు పనులు చేస్తున్నాను. ఎక్కువగా ఫైబర్ బోట్లే. రబ్బరు బోట్లు మాత్రం గత ఏడెనిమిదేళ్ళుగా వస్తున్నాయి, వాటికి ఇప్పటిదాకా పదకొండు కన్సోళ్ళు చేశాను. మొదటి మూడూ పాడయ్యాయి. ఇప్పుడు చెప్పేదంతా ఆ మూడింటి దగ్గర నేర్చుకున్నదే.

స్టీరింగ్ ఎందుకు వద్దు

స్టీరింగ్ చక్రం పెడితే మనిషి దాన్ని తిప్పడమే కాదు, అల వచ్చినప్పుడల్లా పట్టుకుని దాని మీద ఆనుకుంటాడు కూడా. డెబ్భై కిలోల మనిషి కుదుపుతో లాగితే ఆ బలమంతా కన్సోల్ అడుగున ఉన్న నాలుగు బోల్టుల మీద పడుతుంది. ఫైబర్ బోటులో ఆ బోల్టుల కింద గట్టి డెక్కు ఉంటుంది. మీ బోటులో ఉన్నవి ఒకదానికొకటి కలిపిన పలుచటి అల్యూమినియం పలకలు, వాటి కింద గాలి. నాలుగు మీటర్ల లోపు మడత బోటులో స్టీరింగ్ కన్సోల్ కదలకుండా నిలబడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. పైగా స్టీరింగ్ పెడితే గేరు, థ్రాటిల్ కేబుళ్ళు, రిమోట్ బాక్సు కూడా రావాలి. బరువు పెరుగుతుంది, బోటు మడత పెట్టడం కుదరదు. అంత కష్టపడి, ఒంటి చేత్తో హాయిగా తిరిగే మోటారుని రెండు చేతుల పని చేసుకున్నట్టు అవుతుంది.

హ్యాండిల్ వల్ల వచ్చే అసలు ఇబ్బంది వేరే. మీరు, మోటారు, పెట్రోలు ట్యాంకు అందరూ వెనకే ఉంటారు కాబట్టి ముక్కు పైకి లేస్తుంది. దానికి మందు బ్యాటరీని ముందుకి తీసుకెళ్ళడం. బోటు ముందు భాగంలో బ్యాటరీ, మధ్యలో కన్సోల్, మీకు చెయ్యి చాచితే స్విచ్ అందాలి. ఈ అమరిక గుర్తుపెట్టుకోండి, వైరింగు లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

పెట్టె

60 సెంటీమీటర్ల ఎత్తు, 40 వెడల్పు, 30 లోతు చాలు. అంత పెట్టెకి దాదాపు ఒక చదరపు మీటరు ప్లై పడుతుంది. 12 ఎం.ఎం. ప్లై వాడితే ఖాళీ పెట్టే ఎనిమిది కిలోలు తూగుతుంది. 6 ఎం.ఎం. అయితే నాలుగు కిలోలు, మూలలకి ఫైబర్ పట్టీ వేస్తే గట్టిదనానికి లోటుండదు. కార్పెంటర్లు అలవాటు కొద్దీ 12 తెమ్మంటారు, వినకండి. షాపులో షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి. మెరైన్ ప్లైకి అదే గుర్తు. ఐఎస్ 303 అని ఉంటే అది ఇంట్లో ఫర్నిచర్‌కి పనికొచ్చే రకం. వంటింటి కప్‌బోర్డులకి వాడే పీవీసీ షీటు నీళ్ళకి చెడదు నిజమే. కానీ అంచుల్లో స్క్రూ నిలవదు, ఎండలో పెడితే వంగుతుంది.

ముక్కలు కోసి, అంచుల్లో చిన్న రంధ్రాలు పెట్టి, ప్లాస్టిక్ టైలతో కుట్టినట్టు కట్టండి. లోపలి మూలల్లో ఎపాక్సీలో సన్నటి రంపపు పొట్టు కలిపిన ముద్దని వేలితో పాముతూ నింపండి. అది ఆరాక టైలు కోసేసి, బయటి అంచుల్ని గుండ్రంగా అరగదీసి, గ్లాస్ క్లాత్ పట్టీ వేయండి. అంచు పదునుగా వదిలితే క్లాత్ అక్కడ లేచి కింద గాలి బుడగ నిలబడుతుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎపాక్సీ ఆరాక పైన జిడ్డులాంటి పొర వస్తుంది. మంచినీళ్ళు పోసి గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్ది కడిగాకే తర్వాతి పూత. చివర్లో పెయింటు తప్పనిసరి, ఎండ తగిలితే ఎపాక్సీ పసుపుబారి పొడిలా రాలుతుంది.

ఫైబర్ బోట్ల యార్డులో దొరికే పాలియెస్టర్ రెజిన్ చవక. కానీ ప్లైకి ఎపాక్సీ పట్టినంత గట్టిగా అది పట్టదు. అయినా అదే వాడతానంటే ఒక్క జాగ్రత్త: కోబాల్టు (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపేది), హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి. పేలుతుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ వేయాలి.

ఇప్పుడు నా మొదటి పెట్టె సంగతి. పైకి అద్దంలా మెరిసింది. స్విచ్‌ల కోసం డ్రిల్లు వేసిన రంధ్రాల అంచుల్ని మాత్రం పచ్చి చెక్కగానే వదిలేశాను. రెండో వానాకాలానికి ఒక స్విచ్ వదులైందని విప్పి చూస్తే, రంధ్రం చుట్టూ చెక్క నల్లబడి, గోరుతో నొక్కితే తడి బిస్కెట్‌లా దిగిపోయింది. పైన పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి ప్రతి రంధ్రం కావలసినదాని కంటే పెద్దది వేసి, ఎపాక్సీ ముద్దతో పూర్తిగా నింపి, ఆరాక మధ్యలో సరైన కొలతకి మళ్ళీ డ్రిల్లు వేస్తున్నాను. విసుగు పుట్టించే పనే, కానీ పెట్టె ఆయుష్షు దాని మీదే ఉంది.

బిగింపు

ట్యూబుకి, అంటే గాలి నింపే పక్క గొట్టానికి, దేన్నీ స్క్రూ చేయకూడదని మీకు తెలుసు. ట్యూబుల మధ్య బిగుతుగా ఇరికించడం కూడా తప్పే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 0.25 బార్ ఒత్తిడికి గాలి కొట్టారనుకోండి. మధ్యాహ్నం ఒడ్డున ఎండలో లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 50కి చేరితే ఆ ఒత్తిడి 0.35 దాకా వెళ్తుంది. ట్యూబు ఉబ్బి పెట్టెని నొక్కుతుంది, పెట్టె మూల ట్యూబుని ఒరుసుకుంటుంది. రెండు పక్కలా నాలుగు వేళ్ళు దూరే సందు వదలండి. పెట్టెని ఫ్లోరు పలకకే, అదీ ఒకే పలకకి బిగించండి. రెండు పలకల మీద కూర్చోబెడితే అలకి అవి కదిలినప్పుడల్లా బోల్టు రంధ్రం పెద్దదవుతుంది. పలక కింద తల చదునుగా ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టులు, పైన చేత్తో తిప్పే నట్లు వేయండి. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియం తెల్లటి పొడిగా మారి తినేసుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు పెట్టండి. బోల్టు తల అడుగు గుడ్డకి తగలకుండా రబ్బరు ముక్క అతికించండి.

పీవీసీ బోటుకి ఏదైనా పట్టీ అతికించాలంటే రెండు భాగాల పాలీయురేథేన్ జిగురు వాడాలి. హైపలాన్ అనే ఇంకో రకం రబ్బరుతో చేసిన బోటుకి జిగురు వేరే. మీ బోటు పీవీసీ అని రాశారు కాబట్టి హైపలాన్ జిగురు ఎవరిచ్చినా తీసుకోవద్దు, నెలకే ఊడొస్తుంది.

కరెంటు లెక్క

బ్యాటరీ కొనే ముందు కాగితం మీద లెక్క వేయండి. ఫిష్ ఫైండర్ సుమారు 0.8 ఆంపియర్లు, ఆరు గంటలకి 4.8 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది). ఎల్‌ఈడీ లైట్లు 0.3, మూడు గంటలకి 0.9. ఫోన్ చార్జింగు ఒక ఆంపియరు చొప్పున రెండు గంటలు, అంటే 2. పంపు రెండున్నర ఆంపియర్లు లాగినా నడిచేది పది నిమిషాలే, 0.4. మొత్తం ఎనిమిది పైచిలుకు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం కంటే కిందికి దింపితే త్వరగా పోతుంది, కాబట్టి 18 నుంచి 26 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ కావాలి. 26ది ఎనిమిది తొమ్మిది కిలోలు ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 12 చాలు, 20 తీసుకుంటే నిశ్చింత. దాని బరువు రెండున్నర కిలోల దగ్గరే. బైకు బ్యాటరీ సెల్ఫు కొట్టడానికి ఒక్క క్షణం గట్టిగా ఇచ్చే రకం, గంటల తరబడి నెమ్మదిగా ఖాళీ చేస్తే నాలుగు నెలల్లో మూలపడుతుంది.

లిథియంతో ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను. లెడ్ బ్యాటరీ అయిపోతుంటే లైటు మందగిస్తుంది, మనకి తెలుస్తుంది. లిథియం చివరిదాకా ఒకేలా వెలిగి లోపలి రక్షణ సర్క్యూట్ కట్ చేయగానే ఒక్కసారిగా చీకటైపోతుంది. వోల్టు మీటరు చూసి కూడా పోల్చుకోలేం. జేబులో విడిగా టార్చ్ ఉంచుకోండి. చార్జర్ కూడా ఆ బ్యాటరీకి తగినదే వాడండి.

ఫ్యూజు

మూడేళ్ళ కిందట ఒకాయన కాలిపోయిన బోటు తెచ్చారు. వైరింగు వేరే చోట చేయించారు. చేసిన పని చూడటానికి శుభ్రంగానే ఉంది, కన్సోల్‌లో ఆరు ఫ్యూజులు వరసగా ఉన్నాయి. బ్యాటరీ నుంచి కన్సోల్ దాకా వచ్చే మీటరున్నర వైరుకి మాత్రం ఏ రక్షణా లేదు. ఆ వైరు ఫ్లోరు పలకలు కలిసే చోట కింద నుంచి వచ్చింది. అలలకి పలకలు నోరు తెరుస్తూ మూస్తూ ఎరుపు, నలుపు రెండింటి తొడుగూ కోసేశాయి. రెండూ కలిశాయి. ఫ్యూజులన్నీ ఆ చోటుకి అవతల ఉన్నాయి కాబట్టి ఒక్కటీ కొట్టలేదు. వైరు ఎర్రగా కాలి ట్యూబుకి అంటుకుని రూపాయి బిళ్ళంత కన్నం పడింది. ఒడ్డుకి దగ్గరలో ఉన్నారు, ట్యూబులో మిగతా గదుల్లో గాలి ఉంది కాబట్టి బయటపడ్డారు. గట్టి బోటుకి కాలితే మచ్చ పడుతుంది. మన బోటుకి గాలి పోతుంది, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

అందుకే అమెరికా బోటు ప్రమాణాల్లో కూడా ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలని రాశారు. ఫ్యూజు కాపాడేది ఫిష్ ఫైండర్‌ని కాదు, వైరుని. 4 చదరపు ఎం.ఎం. మెయిన్ వైరుకి 20 ఆంపియర్ల ఫ్యూజు, పసుపు రంగుది, బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు లోపే. అక్కడి నుంచి రెండు వైర్లూ గట్టి గొట్టంలో, పలకల కింద కాకుండా ట్యూబు పక్క నుంచి రావాలి. కన్సోల్‌లో ఒక్కో దానికీ విడి ఫ్యూజు: ఫిష్ ఫైండర్‌కి, లైట్లకి 3 ఆంపియర్ల ఊదా రంగు, పంపుకి, చార్జర్‌కి 5 ఆంపియర్ల లేత గోధుమ రంగు. పరికరం మీద తయారీదారు వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది పెట్టకండి, ఎక్కడో షార్టు ఉందని అది చెప్తోంది.

పంపుకి నీళ్ళు రాగానే తానే ఆన్ అయ్యే ఫ్లోటు పెడితే, దాని వైరు మెయిన్ స్విచ్ గుండా కాకుండా విడి ఫ్యూజుతో బ్యాటరీకి కలపండి. మీరు స్విచ్ ఆపేసి ఒడ్డెక్కినా అది పనిచేయాలి.

వైరు, జాయింట్లు

బోటు వైరు విశాఖలో దొరకట్లేదన్నారు. సోలార్ సామాన్ల షాపుకి వెళ్ళండి. ప్యానెళ్ళకి వాడే డీసీ కేబుల్ తగరం పూత ఉన్న రాగితోనే చేస్తారు, ఎండకీ తట్టుకుంటుంది. 4 చదరపు ఎం.ఎం.ది ఏ షాపులోనైనా ఉంటుంది, 2.5 కూడా అడిగి చూడండి. ఇంటి వైరింగు వైరు మామూలు రాగి. ఒకసారి సముద్రంలో ఏడాది తిరిగిన అలాంటి వైరు చివర కోసి చూస్తే లోపల పచ్చటి చిలుము. ఇంకాస్త వెనక కోశాను, నల్లగా ఉంది. జానెడు వెనక్కి పోతే గానీ మెరిసే రాగి కనపడలేదు. తొడుగు బయట నుంచి చూస్తే కొత్త వైరులాగే ఉంది.

మందం సంగతి. మీ పంపు వెనక ఉంటుంది, బ్యాటరీ ముందు. కన్సోల్ మీదుగా మూడు మీటర్లు, తిరుగు దారి కలిపి ఆరు. 0.5 చదరపు ఎం.ఎం. సన్న వైరు వేసి 3 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. 1.5 వేస్తే పావు వోల్టు. పంపు, లైట్లలాంటి ముఖ్యమైన వాటికి 12 వోల్టుల్లో 3 శాతం, అంటే 0.36 దాటకూడదని లెక్క. కాబట్టి కన్సోల్ నుంచి బయటికి వెళ్ళే వైరు ఏదీ 1.5 కంటే సన్నగా ఉండకూడదు. ఫిష్ ఫైండర్‌తో వచ్చిన సొంత వైరు సంగతి వేరు, దాన్ని అలాగే ఉంచండి. దాని సెన్సార్ కేబుల్ పొడుగైందని కోయకండి, చుట్టి కట్టండి. పంపు వైరుతో కలిపి మాత్రం కట్టకండి, తెర మీద గీతలొస్తాయి.

జాయింట్లకి సాల్డరింగు కంటే మంచి పనిముట్టుతో క్రింపింగ్ (వైరు చివర లోహపు లగ్గు పెట్టి నొక్కి బిగించడం) మేలు. సాల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, మోటారు అదురుకి ఆ అంచు దగ్గరే తెగుతుంది. లగ్గు నొక్కాక చేత్తో గట్టిగా లాగండి. వస్తే వచ్చింది, ఇంటి దగ్గరే వచ్చినందుకు సంతోషించండి. ఆ తర్వాత లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకునే తొడుగు) వేసి, వేడికి రెండు చివరలా జిగురు చుక్క బయటికి వచ్చేదాకా కాచండి.

వైర్లు పెట్టెలోకి పక్క నుంచో కింద నుంచో దూరాలి. దూరే ముందు వైరు ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకెక్కాలి. అప్పుడు వైరు పట్టుకుని జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. పెట్టెని గాలి చొరకుండా మూసేయాలని చూడకండి. లోపల చెమ్మ పట్టి అదే నీరవుతుంది. అడుగున రెండు చిన్న రంధ్రాలు వదలండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కిందికే దిగి నిలబడుతుంది. కాబట్టి ట్యాంకు, బ్యాటరీ, స్విచ్‌లు ఒకే మూసిన పెట్టెలో ఎప్పుడూ పెట్టొద్దు.

పెట్టె ఊడొచ్చేలా ఉండాలన్నాను కదా. బ్యాటరీ వైపు ఒక పెద్ద యాండర్సన్ ప్లగ్గు (ఎక్కువ కరెంటుకి వాడే, లాగితే ఊడొచ్చే రకం), వెనక్కి వెళ్ళే పంపుకి, లైట్లకి మూతలున్న నీరు చొరని ప్లగ్గులు. మొత్తం మూడు. ప్రతి ప్లగ్గూ వేరే సైజుది తీసుకుంటే చీకట్లో కూడా తప్పు చోట గుచ్చలేరు.

లైట్లు

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 7 మీటర్ల లోపు, 7 నాట్ల (గంటకి సుమారు 13 కిలోమీటర్ల) వేగం దాటని మోటారు బోటుకి చుట్టూ కనిపించే తెల్ల లైటు ఒక్కటైనా చాలు. 15 హార్స్‌పవర్‌తో మీరు ఆ వేగం దాటేస్తారు. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ కూడా కావాలి. ఎడమకి ఎరుపు, రెండూ ‘ఎ’తోనే మొదలవుతాయి, మర్చిపోరు. తెల్ల లైటు వాటికంటే కనీసం ఒక మీటరు పైన ఉండాలి. ఊడదీసే గొట్టం పెట్టి మీ తల కంటే ఎత్తుకి తీసుకెళ్ళండి, లేకపోతే మీ కళ్ళలోనే పడి ముందున్న వల బుంగలు కనపడవు. షాపుల్లో అమ్మే రంగు ఎల్‌ఈడీ పట్టీలు దీనికి పనికిరావు. ఏ రంగు ఏ కోణం దాకా కనపడాలో నిబంధన ఉంది, పట్టీ అన్ని వైపులా వెలుగుతుంది.

మోటారు ఆపే ఎర్ర తాడు, అదే కిల్ స్విచ్ తాడు, మోటారు దగ్గరే ఉండనివ్వండి. కన్సోల్ మీదికి మార్చొద్దు. మీరు హ్యాండిల్ దగ్గర కూర్చుంటారు, తాడు మీ మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో ఉండాలి. మీరు పెట్టిన ఫోటోలో అది మోటారుకే చుట్టి ఉంది. దయచేసి ఈ ఆదివారం నుంచే మార్చుకోండి, కన్సోల్ పని ఆ తర్వాతే.

అన్నీ బిగించాక బోటుని వరండాలో ఉంచి ఒక్కొక్కటే ఆన్ చేయండి. మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గరా, పంపు దగ్గరా వోల్టేజి కొలవండి. పంపు నడుస్తుండగా తేడా 0.36 దాటితే ఏదో ఒక క్రింపింగ్ సరిగా పడలేదు, జాయింట్లు తడిమి చూస్తే అది వెచ్చగా తగులుతుంది. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ ప్లగ్గులకి మూతలు పెట్టి మంచినీళ్ళతో కడిగి, ఆరాక కాస్త వ్యాజ్‌లైన్ రాయండి.

ఒక్క సంగతి మీ ప్రశ్నలో లేదు: మోటారులో లైటింగ్ కాయిల్ (మోటారు తిరిగేటప్పుడు కరెంటు ఇచ్చే తీగచుట్ట) ఉందా? కొన్నింట్లో ఉంటుంది, కానీ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లేకపోతే దాన్నుంచి వచ్చేది ఏసీ కరెంటు. నేరుగా బ్యాటరీకి కలిపితే బ్యాటరీ పోతుంది. మోటారు మూత తీసి, ఎడమ పక్కా కుడి పక్కా వైర్లు కనపడేలా రెండు ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను.